తాడు మీద చొక్కా ముక్క

మెర్ల్ హోస్టెటర్ గుడారంలో పొయ్యి గొట్టం పక్కనుంచి వెనక గుంజ దాకా ఒక తాడు కట్టి ఉంటుంది. తడిసిన మేజోళ్ళు ఆరేసుకోవడానికి అనుకునేరు. దాని మీద మేజోడు వేసినవాడికి ఆ పూట కాఫీ బంద్. ఆ తాడు నిండా చొక్కా ముక్కలే. గళ్ళవి, చారలవి, వెలిసిపోయి అసలు ఏ రంగో తెలియనివి. జింక మీదో ఎలుగుబంటి మీదో తుపాకీ పేల్చి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు ఆ సాయంత్రమే కత్తిరించి, పేరూ ఏడాదీ రాసి, బట్టల క్లిప్పు పెట్టి అక్కడ తగిలిస్తారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ ముక్కలున్నాయి. అందులో మెర్ల్‌వే నాలుగు. ఆ కొండల్లో వేటకెళ్ళే ప్రతి గుంపులోనూ ఉన్న అలవాటే అది. దానికి ఎవరూ సిగ్గుపడరు. నవ్వుతారు, కాఫీలో ఇంకో చుక్క విస్కీ పోస్తారు, అంతే.

హార్లన్ స్ట్రౌస్‌కి మాత్రం ఆ నవ్వు ఎప్పుడూ పడేది కాదు. మెర్ల్ పెద్దల్లుడు ఇతను. యాభై మూడేళ్ళు, ఊళ్ళో స్కూలు బస్సు నడుపుతాడు. ఆరేళ్ళ కిందట ఒక జింక మీద గురి తప్పితే, కొమ్మ అడ్డం వచ్చింది కాబట్టి అది తప్పడం కిందకి రాదని గంటసేపు వాదించాడు. చివరికి నలుగురు పట్టుకుని చొక్కా కోయాల్సి వచ్చింది.

ఈ ఏడు అతనికి అలాంటిదేమీ జరగకూడదు. మెర్ల్‌కి డెబ్బై ఆరు నిండాయి. రెండడుగులు ఎక్కితే ఆయాసం. ఆయన మెడలో ఒక ఇత్తడి ఈల వేలాడుతూ ఉంటుంది. అది ఎవరి మెడలో ఉంటే ఆ గుంపులో వాళ్ళ మాటే మాట. ఎవరు కాపు నిలబడాలి, ఎవరు పొదల్లో అరుస్తూ జంతువుని తోలుకు రావాలి, ఎప్పుడు ఆపాలి, అన్నీ. ఈ వేట అవగానే ఈల దింపేస్తానని ఆయన కొండెక్కేటప్పుడే చెప్పాడు. ఎవరికిస్తాడో చెప్పలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ గుడారం గుంజలు పాతుతున్న హార్లన్‌కి అది తనదేనని నమ్మకం. ఆ నమ్మకానికి అడ్డం అతని తోడల్లుడు డెన్నీ క్రుక్. లారీల మెకానిక్కు. గుంపులోకి వచ్చి తొమ్మిదేళ్ళే. కానీ అడుగుజాడ చూసి జంతువు బరువు చెప్పేస్తాడు, పైగా ముసలాయన్ని నవ్విస్తాడు. వీళ్ళిద్దరికీ మొదటినుంచీ పడదు. ఒకరు కోసిన రొట్టె ఇంకొకరు ముట్టరు.

శుక్రవారం పొద్దున వంట వంతు హార్లన్‌ది. పంది మాంసం వేయించి, కొవ్వు మిగిలిన పెనం బయట దుంగ మీదే వదిలేసి, మాంసం పెట్టెకి గొళ్ళెం వేయకుండా అందరితోపాటు చోటు చూడటానికి వెళ్ళాడు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి గుడారం పక్క గుడ్డ పైనుంచి కిందకి చీలిపోయి ఉంది. పెట్టె బోర్లా పడింది. మాంసం లేదు. డెన్నీ భార్య, మెర్ల్ చిన్న కూతురు లోర్నా ఇంటినుంచి చేసుకొచ్చిన రెండు ఆపిల్ పైలూ లేవు. పులిసిన క్యాబేజీ సీసా మాత్రం మూత కూడా కదలకుండా నిలబడి ఉంది. మంచులో నల్ల ఎలుగు అడుగులు అరచెయ్యంత వెడల్పున స్పష్టంగా ఉన్నాయి.

డెన్నీ వంగి అడుగులు చూశాడు. "మూడు వందల పౌండ్లు ఉంటుంది మామా. పెద్దల్లుడు గారు విస్తరి వేసి మరీ పిలిచారు కదా, రాకుండా ఎలా ఉంటుంది?"

"గొళ్ళెం వేశాను," అన్నాడు హార్లన్.

"వేసుంటావు. అది తాళంచెవి తెచ్చుకుంది కాబోలు."

అందరూ నవ్వారు. లోర్నా కూడా నవ్వింది. "పోన్లే బావా, క్యాబేజీ మిగిల్చింది. ఇక రెండ్రోజులూ అదే," అంది. మెర్ల్ ఒక్కడే నవ్వలేదు. దబ్బనం తెచ్చి చిరుగు కుట్టడం మొదలుపెట్టాడు. హార్లన్ చెవులు కాలిపోయాయి. ఆ ఎలుగుని తనే కొట్టాలని, దాని చర్మం తెచ్చి డెన్నీ మంచం మీద పారెయ్యాలని ఆ క్షణమే అనుకున్నాడు.

శనివారం వేట మొదలైంది. హార్లన్‌ని వాగు పక్కన కాపు పెట్టారు. ఎదురుగా కొండ వాలంతా లారెల్ పొదలు. మనిషి ఎత్తున, కొమ్మలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి. టోపీ, కళ్ళజోడు, ఏది ఉంటే అది లాగేసుకుంటాయి కాబట్టి వీళ్ళు ఆ వాలుకి దెయ్యం దువ్వెన అని పేరు పెట్టారు.

సాయంత్రం నాలుగు అవుతుండగా ఆ ఎలుగు వచ్చింది. వాగు అవతల, హెమ్లాక్ చెట్ల మధ్య, తీరిగ్గా నడుస్తోంది. దూరం ఎక్కువ. ఇంకో ముప్ఫై అడుగులు దగ్గరికి రానివ్వాలి, పక్కకి తిరగనివ్వాలి. ఆ సంగతి హార్లన్‌కి తెలియక కాదు. అవతలి గట్టున డెన్నీ కాపు ఉన్నాడు, అది ఆ వైపు తిరిగితే డెన్నీకి దక్కుతుంది. పేల్చాడు.

ఎలుగు ముందుకి తూలింది. ఒక్కసారి గుర్రుమని, కుంటుకుంటూ పొదల్లోకి దూరిపోయింది.

హార్లన్ వాగు దాటి వెళ్ళి చూశాడు. మంచు మీద నాలుగు రక్తపు చుక్కలు, పక్కన ఒక వెంట్రుకల కుచ్చు. పొట్టి వెంట్రుకలు, ఒక పక్క కత్తితో కోసినట్టు తెగి ఉన్నాయి. కాలి వెంట్రుకలు. చుక్కలు తిన్నగా పొదల్లోకి పోతున్నాయి. చీకటి పడటానికి అరగంట కూడా లేదు. లోపల చూపు రెండు గజాలు దాటదు.

మెర్ల్‌కి ఒక పట్టు ఉంది. తగిలిన జంతువుని వదిలి రాకూడదు. రక్తం కనపడితే వేట ఆపి, గుంపంతా దాని వెనకే. కొట్టి వదిలేసి వచ్చినవాడికి ఈల సంగతి అటుంచి, వచ్చే ఏడాది గుడారంలో మంచం కూడా ఉండదు. కాలికి కొట్టానని చెబితే డెన్నీ ఏమంటాడో హార్లన్‌కి ముందే వినపడింది. ముసలాయన ఏమీ అనడు. అదే ఇంకా భయం.

చర్మం గీసుకుపోయిందంతే, కొవ్వు పట్టిన జంతువు, వారంలో మానిపోతుంది అనుకున్నాడు. కుచ్చు తీసి జేబులో పెట్టుకున్నాడు. బూటుతో మంచు లాగి చుక్కల మీద కప్పాడు. అప్పటికే సన్నగా మంచు కురవడం మొదలైంది. మిగతా పని అది చేసింది.

"తప్పింది," అన్నాడు గుడారంలోకి వస్తూనే.

డెన్నీ హుషారుగా కత్తెర తీశాడు. చూస్తే హార్లన్ అప్పటికే కోటు విప్పి, చొక్కా ప్యాంటులోంచి బయటికి లాగి, వీపు తిప్పి నిలబడి ఉన్నాడు.

"ఆగండాగండి. ఈయన మన పెద్దల్లుడు గారేనా? కొమ్మ అడ్డం రాలేదా? ఎండ కళ్ళలో పడలేదా?"

"కోస్తే కొయ్యి. చలేస్తోంది."

"లోర్నా, మీ బావకి జ్వరమేమో ఓసారి నుదురు చూడవే."

కత్తెర కరకరమంది. ఎర్ర నల్ల గళ్ళ ముక్క, జానెడు వెడల్పు. మెర్ల్ దాని మీద పెన్నుతో పేరు రాస్తూ తలెత్తి పెద్దల్లుడి మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "మంచిదే. తాడు మీద నీది ఒకటే ఉంది ఇన్నాళ్ళూ. తోడు దొరికింది," అని తగిలించాడు. హార్లన్ అందరికీ కాఫీ పోశాడు. డెన్నీకి కూడా పోశాడు. తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున మెర్ల్ మంచులో పుల్లతో గీతలు గీశాడు.

"నిన్నటి చప్పుడుకి బెదిరిన ఎలుగు ఎక్కడికీ పోదు. దెయ్యం దువ్వెనలో దూరి పడుకునుంటుంది. పైనుంచి తోలుకొద్దాం. ఎడమ పక్క లోర్నా. మధ్యలో డెన్నీ. కుడి పక్క మన పొరుగు వాళ్ళు ఇద్దరు. కింద వాగు పక్కన హార్లన్, వాడి పక్కన మిగతావాళ్ళు. నేను దారి మొదట్లో ఉంటా."

హార్లన్ చటుక్కున అడ్డం వచ్చాడు. "అది కొండ దాటిపోయింది మామా. నేను చూశా."

"ఓహో," అన్నాడు డెన్నీ. "గురి చూడటం రాలేదు గానీ, కొండ దాటేదాకా సాగనంపి వచ్చాడట."

"నేను చెప్పేది వింటావా? ఆ పొదల్లో ఏం లేదు. పొద్దంతా దండగ."

"నీకెందుకు భయం, నువ్వు కిందే ఉంటున్నావు కదా. దూరేది నేను. నీకేం నొప్పి?"

హార్లన్ ఆ మాటకి అతని వంక చూశాడు. పల్చటి గడ్డం, ఎప్పుడూ ఒక పక్కకి లేచి ఉండే పెదవి. అవును, నాకేం నొప్పి అనుకున్నాడు. వాడి చేతిలో తుపాకీ ఉంది. అడుగుజాడలు చదివే మొనగాడు కదా, చదువుకోనీ.

"నాకేం లేదు. వెళ్ళు," అన్నాడు.

వాగు పక్కన తన చోటులో నిలబడ్డాక పావుగంటకి దారి మొదట్లోంచి మెర్ల్ ఈల వినపడింది. ఆ వెనకే పైనుంచి తోలేవాళ్ళ కేకలు. ఎడమ పక్క లోర్నా గొంతు సన్నగా, "హేయ్! హేయ్!" అని. మధ్యలో డెన్నీది. వాడు మామూలు కేక ఎప్పుడూ వేయడు. "లేవండి లేవండి, బస్సొచ్చింది! హార్లన్ గారి బస్సొచ్చింది, స్కూలుకి టైమైంది!" అని అరుచుకుంటూ దిగుతున్నాడు. ఇవతల కాపున్నవాళ్ళు కిసుక్కుమన్నారు.

హార్లన్ జేబులో చెయ్యి పెట్టాడు. వెంట్రుకలు వేళ్ళకి తగిలాయి. కాలు విరిగిన ఎలుగు మామూలు ఎలుగు కాదు. మామూలుదైతే మనిషి వాసనకే పారిపోతుంది, వీళ్ళ వేటంతా ఆ పారిపోవడం మీదే. పారిపోలేనిది కదలదు. మీద దూకడానికి అందేంత దగ్గరకి మనిషి వచ్చేదాకా అలాగే ఉంటుంది. ఆ పొదల్లో తుపాకీ గొట్టం తిప్పడానికి చోటుండదు. చాలా చోట్ల పాకుతూ పోవాలి.

డెన్నీ గొంతు సగం వాలు దిగింది. "వెనక సీట్లో ఎవరది, నిద్రపోతోంది?"

నిన్న చుక్కలు దూరిన చోటు హార్లన్‌కి కనపడుతూనే ఉంది. గొంతు తిన్నగా అక్కడికే వస్తోంది. ఇంకో వంద అడుగులు ఉండొచ్చు. ఎనభై. అతను నోరు తెరవలేదు. లెక్క మాత్రం ఆగలేదు. అరవై.

ఉన్నట్టుండి డెన్నీ కేకలు ఆగిపోయాయి.

కాసేపటికి అతని గొంతే, మెల్లగా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు వినపడింది. "ఇదేంటి, రక్తం..."

కాపు నిలబడ్డవాడు చోటు వదలకూడదు. ఎందుకంటే తోలేవాళ్ళూ కాపున్నవాళ్ళూ ఎవరెక్కడున్నారో తెలిసే పేలుస్తారు. ఇరవై రెండేళ్ళలో హార్లన్ ఒక్కసారీ కదల్లేదు. ఇప్పుడు వాగులోకి దూకి, మోకాళ్ళ లోతు నీళ్ళలో పడి లేచి, పొదల్లోకి దూరాడు.

"డెన్నీ! ఆగు! కదలకు! అది అక్కడే ఉంది! నిన్న తప్పలేదురా, తగిలింది! కాలికి తగిలింది!"

అవతలినుంచి డెన్నీ, "ఏంటీ?" అన్నాడు.

ఆ మాట పూర్తయిందో లేదో కొమ్మలు విరిగిన చప్పుడు. తుపాకీ ఒకసారి ఆకాశంలోకి పేలింది. ఆ వెనక ఒక అరుపు. అది డెన్నీదో ఎలుగుదో హార్లన్‌కి తెలియలేదు. కొమ్మలు మొహం గీకేస్తుంటే ముందుకి పాకాడు. టోపీ పోయింది. ఎదురుగా నల్లటి వీపు, దాని కింద నారింజ రంగు కోటు. డెన్నీ వెల్లకిలా పడి ఎడమ చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చెయ్యి దాని నోట్లో ఉంది. ఎలుగు ముందు కాలు ఒకటి మోకాలి కింద వేలాడుతోంది. మిగిలిన మూడు కాళ్ళ మీద నిలబడి తల విదిలిస్తోంది.

అక్కడినుంచి పేలిస్తే గుండు డెన్నీకీ తగలొచ్చు. హార్లన్ ఇంకా దగ్గరికి వెళ్ళాడు. దాని వాసన కొట్టింది. తడి కుక్క వాసన, దాని మీద గడ్డకట్టిన రక్తం వాసన. గొట్టం దాని చెవి వెనక ఆనించి నొక్కాడు.

అది బరువుగా కూలింది. సగం డెన్నీ కాళ్ళ మీదే పడింది.

హార్లన్ దాన్ని పక్కకి లాగబోయాడు. డెన్నీ కుడి చేత్తో అతన్ని తోసేశాడు. మొహం సున్నంలా ఉంది. చేతిలోంచి రక్తం కారుతోంది.

"ఎన్ని అడుగులు లెక్కపెట్టావురా, నోరు తెరిచే ముందు?"

హార్లన్ మళ్ళీ ఎలుగు మెడ పట్టుకుని అతని కాళ్ళ మీంచి లాగాడు.

"అడుగుతున్నా కదా. నా గొంతు నీకు వినపడుతూనే ఉంది. ఎన్ని?"

"డెన్నీ, చెయ్యి చూడనీ..."

"ముట్టుకోకు. దాని నోట్లోనైనా పెడతాను గానీ నీ చేతికివ్వను."

లోర్నా కొమ్మలు చీల్చుకుంటూ వచ్చి పడింది. తన మెడలోని ఉన్ని గుడ్డ తీసి మొగుడి చెయ్యి బిగించి కట్టింది. ఆ వెనక చాలాసేపటికి మెర్ల్ వచ్చాడు, చెట్టు చెట్టుకీ ఆగుతూ. ఊపిరి అందక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఎలుగు పక్కన కూర్చుని, విరిగిన కాలు ఎత్తి చూశాడు. ఎముక రెండుగా పగిలి ఉంది. రక్తం నల్లగా గడ్డకట్టి, దాని మీద మంచు పట్టి ఉంది.

"ఇది ఇవాళ్టి దెబ్బ కాదు," అన్నాడు. "ఎవరిది?"

హార్లన్ జేబులోంచి వెంట్రుకల కుచ్చు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

ముసలాయన దాన్ని ముట్టుకోలేదు. "తెలిసే చొక్కా కోయించుకున్నావు."

"అవును మామా."

"తెలిసే పొద్దున వీణ్ణి ఇందులోకి పంపనిచ్చావు. నా నోటితో పంపించావు."

"చెబుదామనే..."

"కొండ దాటిపోయిందన్నావు. అదా నువ్వు చెప్పింది?"

లోర్నా ముడి వేస్తూ తలెత్తకుండానే అంది. "నిన్న మాకు కాఫీ పోశావు బావా. నీకేమైందా అనుకున్నా. పోసేటప్పుడు తెలుసన్నమాట నీకు."

డెన్నీని బయటికి తీసుకెళ్ళాలంటే మిగతావాళ్ళు కావాలి. మెర్ల్ ఈల నోట్లో పెట్టుకున్నాడు. గాలి చాల్లేదు, బుస్సుమంది. ఇంకోసారి ప్రయత్నించి, ఈల తాడు మెడలోంచి తీసి లోర్నాకి అందించాడు. "నువ్వు ఊదు."

లోర్నా మూడు పొడుగాటి ఈలలు వేసింది. నలుగురు పరుగున వచ్చారు. దుప్పటికి కర్రలు కట్టి డెన్నీని మోసుకెళ్ళారు. ఎవరు ముందు నడవాలో, ఎక్కడ దించాలో ఆమే చెప్పింది. ఆ హడావిడిలో ఈల ఆమె మెడలోకి చేరింది. మెర్ల్ తిరిగి అడగలేదు.

హార్లన్ ఒక కొస పట్టుకోబోతే పొరుగాయన అతని చెయ్యి తీసేశాడు. "నువ్వు నీ ఎలుగుని చూసుకో," అన్నాడు.

మూడు వందల పౌండ్ల జంతువు. ఒక్కడే పొట్ట కోసి, పేగులు తీసి, తాడు కట్టి, పొదల్లోంచి వాగు దాకా, వాగు నుంచి బండి దారి దాకా లాగాడు. మధ్యాహ్నం దాటిపోయింది. గుడారం దగ్గర డెన్నీ బండి లేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఎముక చిట్లిందట గానీ చెయ్యి దక్కుతుందట, ఎవరో ఎవరితోనో అంటుంటే విన్నాడు. హార్లన్ సంచీ, పరుపు చుట్ట, బూట్లు బయట దుంగ మీద వరసగా పెట్టి ఉన్నాయి, శుక్రవారం పెనం పెట్టిన చోటే.

మెర్ల్ లోపలినుంచి వచ్చాడు. చేతిలో ఎర్ర నల్ల గళ్ళ ముక్క.

"ఇది నీది. ఆ తాడు తప్పినవాళ్ళది. అందులో నావి నాలుగున్నాయి. వాటి పక్కన ఇది ఉండకూడదు."

"మామా, ముక్క ఉండనీ. నన్ను పంపెయ్యి, ముక్క ఉండనీ."

"ఇంటికెళ్ళాక జానెట్‌ని కుట్టిపెట్టమను," అన్నాడు ముసలాయన. కూతురి పేరు చెప్పేటప్పుడు మాత్రం గొంతు కాస్త తగ్గింది. లోపలికి వెళ్ళి, కుట్టిన గుడారపు గుడ్డ దించేసుకున్నాడు.

కొట్టిన ఎలుగుని ఇరవై నాలుగ్గంటల్లో వేట శాఖ తనిఖీ కేంద్రానికి తీసుకెళ్ళాలి. హార్లన్ చీకటి పడకముందే వెళ్ళాడు. అగ్నిమాపక దళం షెడ్డు ముందు బండ్ల వరస. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చిన జనం, వేడి చాక్లెట్ అమ్మే ఆడవాళ్ళు. ఎలుగుని కాటాకి వేలాడదీశారు. పేగులు తీసేశాక కూడా రెండు వందల అరవై పౌండ్లు. జనం చప్పట్లు కొట్టారు. ఉద్యోగి కుర్రాడు దాని నోరు తెరిచి, వయసు లెక్కకట్టడానికి చిన్న పన్ను ఒకటి పీకాడు. పళ్ళ సందున ఇంకా నారింజ రంగు దారం పోగులు ఉన్నాయి. కుర్రాడు వాటిని చూసి, హార్లన్‌ని చూసి, ఏమీ అడగకుండా కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

తాడు విప్పడానికి హార్లన్ వంగాడు. కోటు పైకి లేచింది.

వెనకనుంచి ఒక పెద్దాయన, ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు, పకపకా నవ్వాడు. "అరెరే, చొక్కా తోక ఏదయ్యా? నిన్న తప్పావన్నమాట! తప్పినా ఇవాళ భలే తీర్చుకున్నావు!"

చుట్టూ ఉన్నవాళ్ళందరూ చూసి నవ్వారు. మంచి నవ్వే. తమలో ఒకణ్ణి చూసి నవ్వే నవ్వు. చేత్తో చొక్కా లోపలికి దోపుకుని, తనూ నవ్వి, బండెక్కి వెళ్ళిపోవచ్చు. జేబులో ముక్క వెంట్రుకల పక్కనే ఉంది.

హార్లన్ నిటారుగా నిలబడ్డాడు.

"తప్పలేదండి," అన్నాడు. "నిన్నే తగిలింది. తగిలిందని తెలిసి వదిలేసి వచ్చాను. ఇవాళ అది మా తోడల్లుడి చెయ్యి కొరికింది."

పెద్దాయన నవ్వు మొహం మీదే ఆగిపోయింది. పక్కవాళ్ళు ఒక్కొక్కరే తమ బండ్ల వైపు తిరిగారు. ఒకావిడ చాక్లెట్ గ్లాసు అతనికి అందించబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఉద్యోగి కుర్రాడు మాత్రం కాగితం తిప్పి, కలం తీసుకుని, "మళ్ళీ మొదటినుంచి చెప్పండి. ఎన్ని గంటలకి?" అన్నాడు.

"నిన్న సాయంత్రం నాలుగు కావస్తోంది," అని హార్లన్ మొదలుపెట్టాడు.